లోకమధ్యమున సమర్పిత స్త్రీజీవనము

సికింద్రాబాదునుండి వాడి కూడలికి పోవు రైలుమార్గమున, తాండూరు దాటిన వెంటనే, కర్ణాటకపు పొలిమేరకు చేరువలో నున్న బషీరాబాదు వంటి చిన్న యూరియందు ఒక కథోలిక యువతి తన జీవితమును సంపూర్ణముగా దేవునకు అర్పించుకొనవలయునని నిశ్చయించుకొన్నచో, తల్లిదండ్రులును, బంధువులును, పెక్కుమారులు విచారణ గురువు సయితమును ఆమెకు చూపు త్రోవ యొక్కటియే: మఠమున చేరుమందురు. మఠమునకు పోనన్నచో, "మరి పెండ్లి ఎప్పుడు జేస్తరు?" అని ఊరివారు ఇంటివారి నడుగుదురు. ఈ రెండు ద్వారములకు నడుమ మూడవ ద్వారమొకటి కలదనియు, అది నిన్న మొన్న తెరచినది గాక శ్రీసభ తొలి శతాబ్దములనుండియు ఉన్నదనియు, అందు ప్రవేశించిన స్త్రీ తన యింటనే యుండి, తన యుద్యోగమునే చేసికొనుచు, తన యూరివారి నడుమనే వార్ధక్యము నొందుచు, మఠకన్య వలెనే నిండుగా దైవమునకు సమర్పితురాలు కాగలదనియు తెలిసినవారు మన తెలుగు విచారణలలో మిక్కిలి యరుదు. ఆ మార్గముయొక్క చరిత్రమును, శాసనమును, మన ప్రాంతమున దానికి గల యిక్కట్టులను పరిశీలించి, దానినిగూర్చి నాకు తోచిన నిర్ణయమును పాఠకుల ముందుంచుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

వికారాబాదు జిల్లా 2016వ సంవత్సరమున రంగారెడ్డి జిల్లానుండి వేరుపడినది. అందలి తాండూరు, బషీరాబాదు ప్రాంతము నాపరాతికిని కందులకును పేరుగన్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇచ్చట తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒకే సంతలో వినవచ్చును. క్రైస్తవమన్నచో ఈ సీమవారికి మొదట స్ఫురించునది మెథడిస్టు సంఘము. ఏటేట నవంబరు మాసమున ధారూరులో జరుగు వారి జాతరకు నలుదిక్కులనుండి జనము బండ్లు కట్టుకొని వచ్చి గుడారములలో దిగుట ఈ జిల్లాలో నెరుగనివారు లేరు. కథోలికులు కొలదిమందియే, వారు హైదరాబాదు అగ్రపీఠమునకు చెందినవారు. విశ్వాసులు వేలకొలదిగా నున్న కోస్తా గ్రామములలో గుడియు, మఠమును, పాఠశాలయు ఒక్క ప్రాంగణముననే యుండును గనుక అచ్చటి సమర్పిత జీవనమునకు మఠమే సహజమైన రూపము. విశ్వాసులు నలుగురైదుగురుగా చెదరియున్నచోట, మఠము దూరమై, దినదినము దివ్యబలిపూజ దొరకని చోట, ఊరిలోనే యుండి, ఊరివారివలెనే బ్రదుకుచు, దేవునికొరకు మాత్రమే బ్రదుకు స్త్రీ యొక్కతె యున్నచో ఆమె విలువ యెంతయో వేరుగ చెప్పవలసిన పనిలేదు. మెథడిస్టులు పూర్వము ఇంటింటికి పోయి వాక్యము చదివి వినిపించు బైబిలు స్త్రీలను పల్లెలకు పంపియుండిరి. వారు సమర్పితులు కారు. అయినను జనుల నడుమ తిరుగాడుచు దైవకార్యము చేయు స్త్రీ యీ దేశమున వింత కాదనుటకు వారు సాక్షులు.

వింత కాదనుటకు మరికొన్ని సాక్ష్యములు కలవు. పొలిమేర కవతల కన్నడ సీమ పండ్రెండవ శతాబ్దమున అక్కమహాదేవిని గన్నది. ఆమె రాజగృహమును వీడి, కల్యాణమున శరణుల గోష్ఠిలో మన్నన పొంది, కడకు మన శ్రీశైలమునకు చేరినదని సంప్రదాయము. సేడం తాలూకాలోని యానగుంది కొండపై తపోజీవనము గడిపి 2020లో కన్నుమూసిన మాణికేశ్వరీమాత దర్శనమునకు ఈ తాండూరు ప్రాంతపు పల్లెలనుండియు జనులు తండోపతండములుగా పోవుచుండిరి. బాలవితంతువైన తరిగొండ వెంగమాంబ పుట్టినయూరిని విడిచి తిరుమల చేరి, 1817లో దేహము చాలించువరకు అచ్చటనే భక్తిలోను కావ్యరచనలోను కాలము గడిపెను. అయితే వీరి చరిత్రలను పరికించినచో ఒక విషయము స్పష్టమగును. పెండ్లి లేకయు, భర్త లేకయు దేవునికే యంకితమైన స్త్రీని మన జనులు పూజింపగలరు గాని, అందుకు ఆమె ఇల్లు విడిచి కొండయెక్కవలయును. వీధిచివరి యింటిలో నుండి, ఉదయము బస్సెక్కి పనికి పోయి, సాయంకాలము కూరగాయలు కొనుక్కొని వచ్చు స్త్రీయందు ఆ పవిత్రతను గుర్తించుట మన కన్నులకు అలవాటు లేదు.

ఇంతకంటె బరువైన జ్ఞాపకము ఒకటి యీ నేలకు కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. తెలంగాణలోని మహబూబ్‌నగర్, నిజామాబాదు, రంగారెడ్డి పల్లెలలో పేద దళిత కుటుంబముల బాలికలను, ఊహ తెలియని ప్రాయమున, దేవత పేర జోగినులుగా ముడిపెట్టి, పిదప ఊరి బలవంతుల పాలుచేయు దురాచారము ఇటీవలివరకు సాగినది. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు ప్రాంతమున ఆ దురాచార నిర్మూలనమునకు తన జీవితములో పెద్దభాగము ధారపోసినది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టమును చేసినది. దేవునికి స్త్రీని అర్పించుట అన్న మాట వినినంతనే యిచ్చటి వృద్ధురాండ్రకు గుండె ఝల్లుమనినచో అందు తప్పులేదు. కావున మొదటనే స్పష్టముగా చెప్పవలయును: జోగిని యన్నది ఇతరులచే అర్పింపబడిన బిడ్డ, సమర్పితురాలన్నది తన్ను తానే అర్పించుకొనిన వయోజనురాలు. శ్రీసభ ధర్మశాస్త్రము ఈ విషయమున కఠినముగా నున్నది. ప్రాప్తవయస్కురాలు కానిదానిని, వివాహబంధమున నున్నదానిని, లోకముననే నివసించు సమర్పితుల సంఘములైన లౌకిక సమర్పిత సంస్థలలో చేర్చుకొనుట చెల్లదు. తీవ్రమైన అన్యాయ భయముచేతగాని మోసముచేతగాని చేసిన వ్రతము వ్రతమే కాదు. తల్లి మ్రొక్కుకొన్నదని కూతురు సమర్పితురాలు కాజాలదు. ఈ స్వేచ్ఛయే యీ జీవనమునకు ప్రాణము. అది లేనిచోట తక్కినదంతయు దౌర్జన్యమే.

ఇక చరిత్రమునకు వత్తము. మొదటి మూడు శతాబ్దములలో మఠములన్నవి లేవు. సమర్పిత కన్యలు మాత్రము కలరు. అపోస్తలుల కార్యములలో ఫిలిప్పుయొక్క నలుగురు కుమార్తెలు, ప్రవచించు కన్యలు, తండ్రి యింటనే యుండిరి. పౌలు తిమోతికి వ్రాసిన లేఖలో వితంతువుల పట్టిక యొకటి ప్రసక్తమైనది. నాల్గవ శతాబ్దమున పునీత అంబ్రోసుగారి అక్క మార్సెల్లీనా, సుమారు 353వ సంవత్సరపు క్రిస్మసునాడు రోములో లిబేరియుసు పోపుగారి చేతులమీదుగా కన్యా వస్త్రమును స్వీకరించి, పిదప మఠమునకు గాక తల్లి యింటికే తిరిగివచ్చి, అచ్చటనే ప్రార్థనోపవాసములతో జీవితమును గడిపెను. ఆమె తమ్ముడు మిలాను మేత్రాణులైన పిదప కన్యలనుగూర్చి తాను వ్రాసిన గ్రంథమును ఆమెకే అంకితము చేసెను. తరువాతి శతాబ్దములలో మఠజీవనము వ్యాపించినకొలదియు కన్యలును మఠములలో చేరుచువచ్చి, గృహమున నుండు సమర్పితురాలన్న రూపము క్రమముగా మరుగున పడెను.

మరుగున పడినదే గాని నశింపలేదు. మధ్యయుగమున నెదర్లాండు, బెల్జియము సీమలలో బెగీనులనబడు స్త్రీలు తమ చేతిపనితో తామే పొట్టపోసికొనుచు, జీవితాంత వ్రతములు లేకయే, చిన్న చిన్న యిండ్లలో ప్రార్థనామయమైన జీవనము గడపిరి. వారి సంప్రదాయమునకు చెందిన కడపటి స్త్రీ 2013లో బెల్జియమున మరణించెను. సియెన్నా పునీత కతారినా డోమినికుగారి సభానుబంధమును స్వీకరించియు తండ్రి యింటి గదిలోనే తపస్సు చేసెను. లీమా పునీత రోజా తన పెరటి తోటలోనే. అయినను ఇట్టి జీవనమునుగూర్చి అధికారులకు భయము కలుగుచువచ్చినది. 1298లో ఎనిమిదవ బోనిఫాసు పోపుగారు మఠకన్యలందరు గోడలలోపలనే యుండవలెనని శాసించిరి. 1563లో త్రెంతు మహాసభ ఆ శాసనమును స్థిరపరచినది. 1566లో ఐదవ పయసుగారు దానిని మరింత బిగించిరి. సమర్పిత స్త్రీకి గోడ తప్పనిసరియన్న భావము అటుపిమ్మట నాలుగువందల యేండ్లు శ్రీసభ మనస్సున పాతుకొనిపోయినది.

ఈ భావమునకు బలియైనవానిలో మిక్కిలి శోచనీయమైనది ఆంజెలా మెరిచి కల్పించిన సభ. ఉత్తర ఇటలీలోని బ్రెష్యా నగరమున 1535 నవంబరు 25న ఆమె ఇరువదియెనిమిది మంది కన్యలతో పునీత ఉర్సులా పేర ఒక సంఘమును స్థాపించెను. వారు తమ తమ యిండ్లలోనే నివసించిరి. వేరు వేషము లేదు, గోడ లేదు. నెలనెల కలిసికొని, ఒకరి క్షేమము నొకరు విచారించుకొని, తమకు పెద్దలుగా నియమితులైన వితంతువుల యాలోచనము వినిరి. ఆంజెలా 1540లో గతించెను. ఆమె పోయిన తరువాత కొన్ని తరములలోనే ఆ సభలో పెద్దభాగము మఠమై, గోడలు కట్టుకొని, బాలికల విద్యకు ప్రసిద్ధి కెక్కినది. ఆ విద్యాసేవ గొప్పదే. దానిని తక్కువ చేయుట నా యభిమతము కాదు. కాని ఆంజెలా తలపెట్టినది అది కాదు. ఆమె తలపెట్టినది మరల 1866లో బ్రెష్యాలోనే ఇద్దరు సోదరీమణుల పూనికతో చిగురించి, 1958లో పోపుగారి యనుమతిని పొందినది. ఒక స్త్రీ చూచిన దానిని శ్రీసభ పూర్తిగా చూచుటకు నాలుగు శతాబ్దములు పట్టినదన్నమాట.

ఈ గోడ మన తెలుగుదేశమును కూడ తాకినది. ఆస్ట్రేలియాలో ప్రసిద్ధురాలైన వైద్యురాలు మేరీ గ్లౌరీ, మెల్‌బోర్నులో కథోలిక స్త్రీల సంఘమునకు ప్రథమాధ్యక్షురాలై యుండి, భారతదేశమున స్త్రీలు వైద్యము లేక మరణించుచున్నారని చదివి, 1920లో గుంటూరు వచ్చెను. ఆమె మఠకన్య కావలయును, వైద్యమును చేయవలయును. ఆనాటి శ్రీసభ నియమములు మఠకన్యలు వైద్యము చేయుటను సమ్మతింపవు గనుక, రెండును కలిసి సాగుటకు పోపుగారి ప్రత్యేకానుమతి కావలసివచ్చినది. ఆ యనుమతితో ఆమె యేసు మరియ జోజప్ప సభలో చేరి, గుంటూరు సీమ పల్లెజనమునకు దశాబ్దములు వైద్యము చేసి, 1943లో కథోలిక వైద్యసంఘమును స్థాపించి, 1957లో బెంగుళూరున మరణించెను. ఆ సంఘమునకు నేడు సికింద్రాబాదే కేంద్రము. ఆమె గుంటూరునకు వచ్చుటకు ప్రేరణ యైనది ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు వైద్యురాలి జీవితము; ఆ వైద్యురాలు మఠకన్య కాక, గృహస్థ విశ్వాసిగానే యుండి, వృద్ధాప్యమున రావల్పిండిలో స్త్రీలకు వైద్యశాల పెట్టించినది. మఠకన్యలు వైద్యము చేయవచ్చునని రోమునుండి సాధారణానుమతి వచ్చుటకు 1936వ సంవత్సరము రావలసియుండెను. సమర్పణకు గోడయే ప్రమాణమైనంతకాలము, లోకమునకు కావలసిన పని చేయదలచిన స్త్రీ ఒక్కొక్క యనుమతికొరకు వేచియుండవలసివచ్చినదని యీ యుదాహరణము చాటుచున్నది.

అయినను తెలుగు కథోలికులకు తమ స్వంత పూర్వోదాహరణము లేకపోలేదు. దానిని మరచినవారము మనమే. ఫిరంగిపురమున 1822లో జన్మించి, తమిళసీమలో స్థిరపడిన తెలుగు కథోలికుల గ్రామమైన కీళచ్చేరికి తాటిపత్రివారి కోడలై పోయిన జ్ఞానమ్మ ఐదుగురు కుమారులను గన్న తల్లి. భర్త గతించిన పిదప, ఆనాటి కులీనగృహములలో వితంతువునకు మిగిలియుండిన ఏకాంతమును ఆమె అంగీకరింపక, ఆడుపిల్లలకు చదువు చెప్పుట యన్నది ఊరంతయు నిరసించు కాలమున, 1863లో కీళచ్చేరిలో బాలికల పాఠశాలను తెరచెను. ఆ పాఠశాలచుట్టు చేరిన స్త్రీలనుండియే మద్రాసు పునీత అన్నమ్మ సభ పుట్టినది. పిదప జన్మస్థానమైన ఫిరంగిపురమునకు వచ్చి అచ్చటను అట్టి కార్యమునే ఆరంభించి, 1874 డిసెంబరు 21న ఆమె కన్నుమూసెను. నేడు శ్రీసభ ఆమెను దైవసేవకురాలని పేర్కొనుచున్నది. ఆమె స్థాపించిన సభలు మఠములైనవి. వాని సేవ తెలుగునాట ఎల్లరెరిగినదే. కాని ఆ మహాకార్యమునకు మొదలు మఠము కాదు. ఒక వితంతువు ఇల్లు, ఆమె పరువు, ఆమె ధైర్యము. ఆమె జీవితములోని యీ భాగమునుగూర్చి మన గుడులలో ప్రసంగించువారు మిక్కిలి తక్కువ. పురుషులలో అవుటపల్లి జోసఫ్ తంబిగారి నెరుగనివారు లేరు. గురుపట్టము లేకయే, గృహస్థులకు ఏర్పడిన పునీత ఫ్రాన్సిసుగారి మూడవ సభవాడుగా పల్లె పల్లె తిరిగి 1945 జనవరి 15న మరణించిన ఆయన సమాధికి నేటికిని ఏటేట యాత్ర సాగుచున్నది. గృహస్థ విశ్వాసియొక్క సమర్పణమును తెలుగు భక్తులు గౌరవింపలేరన్న మాట, కావున, నిజము కాదు.

శాసనము మారినది 1947 ఫిబ్రవరి 2న. పండ్రెండవ పయసు పోపుగారు ఆనాడు వెలువరించిన శాసనపత్రముచేత లౌకిక సమర్పిత సంస్థలన్నవి శ్రీసభలో ధర్మబద్ధమైన స్థానమును పొందినవి. వాని సభ్యులు బ్రహ్మచర్యమును, సువార్తానుసారమైన పేదరికమును, విధేయతను వ్రతముగానో ప్రమాణముగానో స్వీకరింతురు. కాని లోకమున తమ స్థితి మారదు. 1983 నాటి ధర్మశాస్త్రము ఈ సంగతిని స్పష్టపరచినది: సమర్పణముచేత వారి ధార్మిక స్థితి, అనగా గృహస్థ విశ్వాసియన్న స్థితి, మారదనియు, వారు ఒంటరిగానైనను, కుటుంబముతోనైనను, సోదరీబృందముగానైనను సాధారణ లోకజీవనము గడపవచ్చుననియు. చేర్చుకొనుటకు ముందు కనీసము రెండేండ్ల పరీక్షాకాలము, అటుపై జీవితాంత బంధమునకు ముందు కనీసము ఐదేండ్ల తాత్కాలిక బంధము విధింపబడినవి. ఈ మార్గమునకు బాట వేసినవారిలో ముఖ్యురాలు ఇటలీదేశపు ఆర్మిదా బరెల్లి. 1919లో సహచరులతో క్రీస్తురాజు ధర్మప్రచారికల సంస్థను ఆరంభించి, మిలానులో కథోలిక విశ్వవిద్యాలయము నిలబడుటకు ఇంటింటి చందాలు కూడబెట్టి, యువతుల సంఘముల నాయకత్వము వహించి, 1952లో మరణించిన ఆమెకు 2022 ఏప్రిల్ 30న ధన్యపదవి లభించినది. ఆమె ఆజన్మాంతము మామూలు వస్త్రములలోనే యుండెను.

సమర్పిత కన్యల ప్రాచీన క్రమము కూడ మరల వెలుగు చూచినది. రెండవ వాటికను మహాసభ ఆదేశానుసారము 1970 మే 31న కన్యాసమర్పణ విధి నవీకృతమై, ఇంటనుండు స్త్రీకిని వర్తించునట్లు ప్రకటితమైనది; ధర్మశాస్త్రపు 604వ అధికరణము దీనికి ఆధారము. ఈ మార్గమున సంస్థ యన్నది లేదు. పీఠాధిపతియే స్వయముగా ఆమెను పరీక్షించి, దివ్యబలిపూజలో ఆమెను సమర్పించును. ఆమె ఆ పీఠమునకు కట్టుపడి, అచ్చటి శ్రీసభకొరకు ప్రార్థించుచు, తన సంపాదనముతోనే బ్రదుకును. ఎన్నడును వివాహమాడియుండరాదన్నది ఇందు నియమము. 2018లో రోము ఈ క్రమమునుగూర్చి ప్రత్యేకోపదేశమును వెలువరించినప్పుడు, లోకమున ఇట్టి కన్యలు ఐదువేలకు పైబడి యున్నారని తెలిసినది. వితంతువుల సమర్పణమును రెండవ జాన్ పాల్ పోపుగారు 1996 నాటి లేఖలో స్మరించిరి గాని, లాతీను శ్రీసభలో వారికి సార్వత్రికమైన విధి నేటికిని లేదు. జ్ఞానమ్మ వంటి వితంతువు నొసగిన తెలుగు శ్రీసభకు ఇది లోటుగా తోచకపోదు.

ఇవి గాక మూడవ సభలు కలవు, స్వంతముగా చేసికొను వ్రతములు కలవు. స్వంత వ్రతమునకు గుడిలో ఉత్సవమక్కరలేదు. ఆత్మోపదేశకుని సలహాతో చేసికొనవచ్చును. ఇది సులభముగా కనబడును గనుకనే తొందరపాటునకు ఎక్కువ ఆస్కారమిచ్చునది. ఫ్రాన్సు దేశమున మదలేన్ దెల్బ్రేల్ అను స్త్రీ, ఏ గుర్తింపు పొందిన సంస్థలోను చేరకయే, 1933నుండి ఈవ్రీ అను కార్మిక పట్టణమున, కమ్యూనిస్టు పురపాలకుల నడుమ, పేదల సేవయందు 1964లో మరణించువరకు గడిపెను. నాపరాతి గనులును, పాలిషు యూనిట్లును, సిమెంటు కర్మాగారములును గల తాండూరు వంటి చోట పనిచేయు క్రైస్తవ స్త్రీకి మఠచరిత్రలకంటె ఆమె జీవితమే సమీపముగా తోచునని నా నమ్మకము.

ఇట్టి జీవనము బషీరాబాదులో ఎట్లుండునో ఊహించి చూతము. ఆమె ఆసుపత్రిలో నర్సు కావచ్చును, అంగన్‌వాడీ ఉపాధ్యాయిని కావచ్చును, గనుల లెక్కలు వ్రాయు గుమాస్తా కావచ్చును. వేకువజామున లేచి శ్రీసభ నియమించిన ప్రాతఃప్రార్థనమును చదువుకొనును. పొద్దుగుంకిన పిదప సాయంప్రార్థనము. దివ్యబలిపూజ దినదినము దొరకని యూరిలో ఆదివారముననో, ప్రయాణమున కనుకూలించిన నాడో దొరకిన దివ్యసత్ప్రసాదము తక్కిన దినములకు ఆధారమగును. పగలంతయు ఆమె పని ఆమె ప్రార్థనమే. రోగి మంచమును శుభ్రము చేయుటయందు, పసిబిడ్డ పళ్లెములో గ్రుడ్డు వేయుటయందు, కూలివారి దినవేతనమును ఒక రూపాయి తగ్గకుండ లెక్కగట్టుటయందు ఆమె సమర్పణము నెరవేరును. ఈ పని ప్రక్కన మరొక పవిత్రకార్యమును చేర్చి సమర్పణమును నిరూపించుకొనవలసిన యవసరము ఆమెకు లేదు. ఈ మాట మన గురువులకు కూడ రుచింపవలయును. ఏలయనగా పెండ్లిలేని భక్తురాలు దొరకినచో గుడి ఊడ్చుటనుండి బాలలకు జ్ఞానోపదేశము వరకు సమస్తమును ఆమె నెత్తిన పెట్టుట మన విచారణలలో వాడుక. ఆమె ఇష్టపడి చేసినచో మంచిదే. ఆమె వ్రతమును జీతములేని కొలువుగా మార్చుట మాత్రము అన్యాయము.

డబ్బు సంగతిని గూడ సిగ్గుపడక మాట్లాడవలయును. మఠకన్యకు వృద్ధాప్యమున మఠము ఆసరా. లోకమున నుండు సమర్పితురాలికి తన జీతము, తన భవిష్యనిధి, తన పేర నున్న గదియే ఆసరా. పేదరికపు వ్రతమున్నదని ఆమె తన కూడికను ఎల్లరకు పంచిపెట్టి కడకు అన్నదమ్ముల గుమ్మమున నిలువవలసివచ్చినచో అది పుణ్యము కాదు, అవివేకము. పేదరికమనగా ఆమెకు అవసరమునకు మించి ఖర్చుపెట్టకుండుటయు, లెక్కను నమ్మకమైన పెద్దవారికి చూపుటయు, మిగిలినది ఇతరులకు పోవునట్లు చూచుటయు. ఇచ్చట ఒక చట్టమును మన క్రైస్తవ కుటుంబములు తెలిసికొనుట మేలు: 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక మరణించిన క్రైస్తవుని యాస్తియందు కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము కలదు. పెండ్లి చేసికొననన్న కుమార్తెకు "నీకు ఖర్చేమున్నది" అని వాటా తగ్గించుట చట్టమునకును, ధర్మమునకును విరుద్ధము. ఆమె పెద్దతనమునకు ఆ వాటాయే రక్షణ.

ఇక ఆక్షేపణలు. సంఘమందు నివసింపని విధేయత విధేయతయేనా యని కొందరు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే, రోజూ ఒకరి మాట వినవలసిన పని లేనప్పుడు మనస్సు తన యిష్టమునే దైవేచ్ఛయని నమ్మించుకొనుట సులభము. అందుచేతనే సంస్థలలో నెలనెల సమావేశములు, ఏటేట ఆత్మసాధన దినములు, బాధ్యురాలితో ఉత్తరప్రత్యుత్తరములు నియమింపబడినవి. సమర్పిత కన్యకు మేత్రాణులును ఆత్మోపదేశకుడును కలరు. వీనిలో ఒక్కటియు లేక, ఎవరికిని చెప్పక, తనంతట తానే వ్రతము పట్టిన స్త్రీ సంకటమున పడుటకు అవకాశము ఎక్కువ. మరియొక యాక్షేపణ రహస్యమునుగూర్చి. పెక్కు సంస్థల సభ్యులు తమ సమర్పణమును పనిచోట చాటుకొనరు. సహోద్యోగులు వారిని మామూలు స్త్రీలుగానే ఎరుగుదురు. పట్టణమున అది కుదురును. పదిమందికి పది యిండ్ల వంటలు తెలిసిన బషీరాబాదులో కుదురునా? పెండ్లి ప్రస్తావనలు వచ్చుచుండగా ఏ కారణము చెప్పి తప్పించుకొనవలయును? నా యభిప్రాయమున ఇట్టి చోట కుటుంబమునకు మొదటినుండి నిజము చెప్పుటయే క్షేమము. దాపరికము పుకారులకు ప్రాణము పోయును, ఒంటరి స్త్రీపై పుకారు పుట్టినచో దానిని చంపుటకు ఆమెకు ఆయుధము లేదు.

ఆ పుకారే యీ మార్గమునకు మన సీమలో గల యతిపెద్ద కంటకము. మఠకన్య ధరించిన వస్త్రము ఆమె మాట్లాడకయే ఆమెకు రక్షణ. లోకమున నుండు సమర్పితురాలికి ఆ కవచము లేదు. ముప్పది దాటిన యవివాహిత యింటికి విచారణ గురువు వచ్చినచో ఒక మాట, ఆమె రాత్రి డ్యూటీకి పోయినచో ఒక మాట, అద్దెయిల్లు అడిగినచో "మగదిక్కు ఎవరు?" అన్న ప్రశ్న. దీనికి శాస్త్రమున మందు లేదు. మందు విచారణలోని తక్కిన కుటుంబముల చేతిలో నున్నది: ఆమెతో కలసి గుడికి పోవు వివాహిత స్త్రీలు, పండుగనాడు ఆమెను తమ యింటికి భోజనమునకు పిలుచు వృద్ధులు, ఆమె నుద్దేశించి నీచముగా మాట్లాడినవానిని అచ్చటనే నిలదీయు పురుషులు. ఆంజెలా తన కన్యలకు వితంతువులను పెద్దలుగా నియమించుటలో నున్న వివేకము ఇదియే. ఒంటరిగా నున్నది ఒంటిగా విడువబడినది కారాదు.

మరియొక మాట చెప్పక తప్పదు. విఫలమైన పెండ్లిచూపులను మరచుటకో, కట్నము లేక కూతురి పెండ్లి చేయలేని తండ్రికి గౌరవము మిగుల్చుటకో ఈ మార్గమును వాడుకొనరాదు. కట్నపు భారముచేత పెండ్లి కాని యువతికి కావలసినది న్యాయము. ఆమెకు వ్రతమును చూపుట ఆమె దుఃఖమును గుడి వస్త్రముతో కప్పుట. నిజముగా పిలుపు వచ్చిన స్త్రీని గుర్తుపట్టుటకు ఒక సాధారణమైన పరీక్ష చాలును: మంచి సంబంధము వచ్చినను, చేతిలో డబ్బున్నను, ఆమె హృదయము ఇటువైపే మొగ్గునా? ఆ మొగ్గు ఏండ్లు గడచినను చెదరకుండునా?

నా నిర్ణయము చెప్పెదను. మఠజీవనము తెలుగు శ్రీసభకు చేసిన మేలు అపారము; 1904లో గుంటూరునకు వచ్చిన యేసు మరియ జోజప్ప సభవారు మొదలుకొని నేటి దేశీయ సభలవరకు దానికి సాక్ష్యము కావలసినంత కలదు. కాని మఠమొక్కటియే సమర్పణకు ద్వారమని బోధించుట శ్రీసభ బోధ కాదు, మన యలవాటు. తాండూరు, బషీరాబాదు, కొడంగల్ వంటి చోట్ల, మఠకన్యలు పోజాలని పనిచోట్లలో, ఇతర మతముల, ఇతర సంఘముల జనుల నడుమ, సమర్పితురాలైన సామాన్య స్త్రీయే శ్రీసభకు చేయి కాగలదు. ఆమె నేడు లేకపోవుటకు దైవము పిలువకపోవుట కారణమని నేను నమ్మను. పిలుపు వచ్చినవారికి దాని పేరు చెప్పినవారు లేకపోవుటయే కారణము.

604వ అధికరణము ప్రకారము సమర్పించు నధికారము పీఠాధిపతిది. 2020లో నియమితులై హైదరాబాదు అగ్రపీఠము నేలుచున్న పూల అంతోనిగారు, 2022లో కార్డినలు పదవి నందిన తొలి తెలుగువారు, తొలి దళితులు. పేద గ్రామీణ కుటుంబములనుండి వచ్చు యువతులకు ఈ మార్గమును తెలియజెప్పుటకు ఆయన పీఠమే ముందు నడచుట ఎంతయు తగియున్నది: ఒక స్త్రీని గాని ఒక గురువును గాని దీనికి బాధ్యులుగా నియమించి, విచారణలలో దీనినిగూర్చి ఒక్క ఆదివారమైనను ప్రసంగింపజేసి, వచ్చినవారికి ఏండ్ల తరబడి ఓర్పుతో శిక్షణ నిప్పించినచో చాలును. విచారణ గురువులకు నా మనవి వేరుగా కలదు. ఉద్యోగము చేసికొనుచు, తల్లిదండ్రులను పోషించుచు, పెండ్లి వలదని, మఠమునకును పోజాలనని చెప్పు యువతి మీ యెదుటకు వచ్చినచో, ఆమెను అస్థిరచిత్తయని తలంపకుడు, ఆ నాడే ఏ మఠమునకో ఉత్తరము వ్రాసి పంపకుడు. కూర్చుండబెట్టి ఆమె చెప్పునదంతయు వినుడు, ఈ మూడవ మార్గమును ఆమెకు చెప్పుడు, నిర్ణయమును ఆమెకే విడువుడు.